జనంతో కిటకిటలాడే బ్రిటిష్ పబ్ కూడా ఎందుకు మూతపడుతోంది? లీజుకి తీసుకునే ముందు చూసుకోవాల్సిన లెక్క

మీరు రెండు విషయాలు అడిగారు. మీరుండే మిడ్‌లాండ్స్ ఊళ్లో శుక్రవారం రాత్రి నిలబడ్డానికి చోటు దొరకని పబ్ ఏడాది తిరక్కుండానే ఎందుకు మూతపడిందన్నది మొదటిది. ఇప్పుడు ఆ పబ్ గోడకి "టు లెట్" బోర్డు పెట్టారు కాబట్టి, నలుగురు స్నేహితులు కలిసి లీజుకి తీసుకుని మన వంటలు పెడితే నడుస్తుందా అన్నది రెండోది. మొదటిదాని లెక్క తెలిస్తే రెండోదానికి జవాబు మీకే దొరుకుతుంది. అందుకని ఎక్కువ సేపు మొదటిదాని మీదే ఉంటాను.

ముందు ఒక మాట. హైదరాబాద్‌లో పబ్ అంటే జూబ్లీహిల్స్, డీజే, కవర్ ఛార్జి. ఇంగ్లండ్‌లో పబ్ అంటే పబ్లిక్ హౌస్, మన పల్లెటూరి రచ్చబండకి పైకప్పు వేసి ఒక మూల బీరు పంపు పెట్టినట్టు ఉంటుంది. కుక్కని వెంటబెట్టుకుని వచ్చే పెద్దాయన రోజూ అదే కుర్చీలో కూర్చుంటాడు. అక్కడ "లాండ్‌లార్డ్" అంటే పబ్ నడిపే మనిషి. బిల్డింగ్ ఓనర్ సాధారణంగా వేరే కంపెనీ. ఈ తేడా పట్టుకోకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఎందుకంటే మూతపడే పబ్‌లలో చాలా వాటి కథ ఈ ఇద్దరి మధ్యే నడుస్తుంది.

2000 సంవత్సరంలో బ్రిటన్‌లో 60 వేలకు పైగా పబ్‌లుండేవి. ఇప్పుడు 45 వేల దగ్గర ఉన్నాయి. తాగేవాళ్లు తగ్గారు, కుర్రవాళ్లు తగ్గించారు, సూపర్‌మార్కెట్‌లో చవగ్గా దొరుకుతోంది అని అందరూ చెబుతారు. అవన్నీ నిజమే. కానీ నిండుగా ఉన్న పబ్ ఎందుకు మూతపడిందో వాటితో తేలదు. అది తేలాలంటే ఒక పైంట్‌ని విప్పి చూడాలి.

పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. 4 శాతం ఆల్కహాల్ ఉన్న లాగర్ బీరు పైంట్ 5 పౌండ్లకి అమ్ముతున్నారనుకోండి. అందులో ఆరో వంతు, అంటే 83 పెన్నీలు వ్యాట్ కిందే పోతాయి. మిగిలేది 4 పౌండ్ల 17 పెన్నీలు. బీరు మీద డ్యూటీ ఆల్కహాల్ శాతాన్ని బట్టి ఉంటుంది. 2025 ఫిబ్రవరి రేటు ప్రకారం పంపు నుంచి పోసే బీరుకి లీటరు శుద్ధ ఆల్కహాల్‌కి 18.76 పౌండ్లు. ఆ లెక్కన మన పైంట్‌కి 43 పెన్నీల దాకా పడుతుంది. ఇది బ్రూవరీ (బీరు తయారుచేసే కంపెనీ) కట్టి కెగ్, అంటే బీరు డ్రమ్ము ధరలో కలిపేస్తుంది కాబట్టి పబ్ వాళ్ల పుస్తకంలో విడిగా కనబడదు.

అసలు సంగతి ఆ కెగ్ ధరలో ఉంది. 11 గ్యాలన్ల కెగ్‌లో 88 పైంట్లు వస్తాయి. బీరు ఎక్కడి నుంచైనా కొనుక్కునే హక్కున్న "ఫ్రీ హౌస్" వాడికి ఆ కెగ్ 140 పౌండ్లకి దొరికిందనుకుందాం. "టైడ్" పబ్ వాడు అదే కెగ్‌ని తన ఓనర్ కంపెనీ దగ్గరే, వాళ్లు చెప్పిన ధరకే కొనాలి. అది 200 అనుకుందాం. ఈ రెండంకెలూ లెక్క కోసం వేసుకున్నవే. బ్రాండుని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారతాయి, కానీ తేడా ఈ తరహాలో ఉండటం మామూలే. టైడ్ వాడికి పైంట్ 2.27కి పడుతుంది, మిగిలేది 1.90. ఫ్రీ వాడికి 1.59కి పడుతుంది, మిగిలేది 2.58. వారానికి పది కెగ్‌లు అమ్మే పబ్‌లో ఈ తేడా వారానికి 600, ఏడాదికి 31,200 పౌండ్లు. పక్కపక్కన రెండు పబ్‌లు, ఒకే జనం, ఒకే ధర. కానీ ఒకరి జేబుకి చేరేది ఇంకొకరికి చేరదు.

ఇప్పుడు టైడ్ పబ్ వారం లెక్క చూడండి. పది కెగ్‌లు, 880 పైంట్లు, 1.90 చొప్పున 1,672 పౌండ్లు. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 11 దాకా తెరిస్తే వారానికి 77 గంటలు. బార్ వెనక ఒక్క మనిషి నిలబడ్డా 2025 ఏప్రిల్ కనీస వేతనం గంటకి 12.21 చొప్పున 940 పౌండ్లవుతుంది. అంటే రోజుకి మొదటి 70 పైంట్లు ఆ ఒక్క మనిషి జీతానికే సరి. సెలవు జీతం, శుక్ర శనివారాల్లో అదనంగా నిలబడే ఇద్దరు ఇందులో లేనే లేరు. ఏడాది అద్దె 20,000 అయితే వారానికి 385. బిజినెస్ రేట్లు, అంటే మన ఆస్తిపన్ను లాంటివి, వంద దాకా. చివరికి మిగిలేది సుమారు 240 పౌండ్లు. కరెంటు, గ్యాస్, ఇన్సూరెన్స్, చెత్త బండి, ఫుట్‌బాల్ చూపించాలంటే స్పోర్ట్స్ ఛానల్ చందా, పైపులు కడిగే మందు, పగిలిన గ్లాసులు, పాడైన బాయిలర్, లాండ్‌లార్డ్ కుటుంబం తిండి... అన్నీ అందులోంచే రావాలి. స్పిరిట్లు, వైను, చిరుతిళ్ల మీద వచ్చేది కొంత ఊపిరి పోస్తుంది. అయినా శుక్రవారం మీరు చూసిన ఆ జనం వెనక ఉన్న లెక్క ఇదే. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి అదే పబ్‌లో ఒక్క మనిషి, ఒక్క పైంట్, ఒక్క జీతం.

ఫ్రీ ఆఫ్ టై ఒప్పందంలో అద్దె ఎక్కువ ఉంటుంది. అది 34,000 అనుకుని ఇదే లెక్క వేసినా వారానికి 570 దాకా మిగులుతుంది. టైడ్ పబ్ అద్దె చవగ్గా కనబడటానికి కారణం ఇప్పుడు తెలిసిందనుకుంటాను. మిగతా అద్దెని బీరులో వసూలు చేస్తారు. వ్యాపారంలో దీన్ని "వెట్ రెంట్" అంటారు, బిల్డింగ్‌కి కట్టేది "డ్రై రెంట్". బయటి బీరు చాటుగా కొనకుండా సెల్లార్‌లో పైపులకి ఫ్లో మీటర్లు కూడా పెడతారు. ఎన్ని లీటర్లు పోశారో కంపెనీకి తెలిసిపోతుంది. కాళ్లు కట్టేసి ఈత కొట్టమన్నట్టే ఉంటుంది.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే 1989కి వెళ్లాలి. అప్పట్లో ఆరు పెద్ద బ్రూవరీలు తయారీ, పబ్‌లు రెండూ తమ చేతిలో పెట్టుకున్నాయి. గుత్తాధిపత్యం విరగ్గొట్టాలని ప్రభుత్వం "బీర్ ఆర్డర్స్" తెచ్చింది. 2,000 కంటే ఎక్కువ పబ్‌లున్న బ్రూవరీ ఆ పైనున్న వాటిలో సగాన్ని 1992 నవంబరు లోపు వదిలేయాలి, లేదా టై నుంచి విడిపించాలి. బ్రూవరీలు వేల పబ్‌లు అమ్మేశాయి. కొన్నది మాత్రం మామూలు మనుషులు కాదు. బీరు కాయని, పబ్‌లు మాత్రమే సొంతమైన కొత్త కంపెనీలు, "పబ్‌కో"లు పుట్టుకొచ్చి వాటిని కొన్నాయి. 2,000 పరిమితి బ్రూవరీలకే కాబట్టి వీటికి అడ్డే లేకపోయింది. ఎంటర్‌ప్రైజ్ ఇన్స్ 1991లో, పంచ్ టావెర్న్స్ 1997లో మొదలై ఒక్కోటీ వేల పబ్‌లకి ఎదిగాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనేది ఇక్కడ అక్షరాలా జరిగింది. బ్రూవరీ అయితే తన బీరు అమ్ముడుపోవాలి కాబట్టి పబ్ బతకాలని కోరుకుంటుంది. పబ్‌కోకి పబ్ అంటే అద్దె వచ్చే ఆస్తి. రాబోయే అద్దెల్ని హామీగా చూపించి ఇవి బిలియన్ల పౌండ్ల బాండ్లు జారీ చేశాయి. 2008లో మార్కెట్ కూలాక ఆ అప్పు తీర్చడానికి పబ్‌లని వరసపెట్టి అమ్మాయి. కొన్నవాళ్లలో చాలామందికి కావాల్సింది స్థలమే. పంచ్ 2017లో రెండు ముక్కలైంది, పెద్ద భాగం హైనెకెన్ చేతికి పోయింది. ఎంటర్‌ప్రైజ్‌ని 2020లో స్టోన్‌గేట్ కొనేసింది.

నా దృష్టిలో మిగతా కారణాలన్నిటికంటే ఇది పెద్దది. మిగతావి దీని మీద వచ్చి పడ్డ దెబ్బలు. ఒకదాని తర్వాత ఒకటి ఎలా పడ్డాయో చూస్తే మూలిగే నక్క మీద తాటిపండు సామెత చాలదనిపిస్తుంది.

పొగ నిషేధం స్కాట్లండ్‌లో 2006 మార్చిలో, ఇంగ్లండ్‌లో 2007 జులై 1న వచ్చింది. ఆరోగ్యానికి అది మంచి చట్టమే, వాదన లేదు. వెనక తోటో పెరడో ఉన్న పబ్‌లు తట్టుకున్నాయి. ఫుట్‌పాత్ మీదకి తెరుచుకునే వెనకవీధి పబ్‌లు తట్టుకోలేదు. మరుసటి ఏడాదే ఆర్థిక మాంద్యం. అదే 2008లో బీరు డ్యూటీని ప్రతి ఏటా ద్రవ్యోల్బణానికి మరో 2 శాతం కలిపి పెంచే ఎస్కలేటర్ పెట్టారు. 2013లో రద్దు చేసేదాకా అది ఎక్కుతూనే పోయింది. మధ్యలో 2011 జనవరిలో వ్యాట్ 17.5 నుంచి 20 శాతమైంది.

సూపర్‌మార్కెట్ సంగతి ఇక్కడ చెప్పాలి. అందరూ బీరు ధరే చూస్తారు, తిండి మీద పన్ను చూడరు. సూపర్‌మార్కెట్ అమ్మే చాలా ఆహార పదార్థాల మీద వ్యాట్ సున్నా. పబ్ వడ్డించే భోజనం మీద 20 శాతం. అక్కడ మిగిలినదాంతో బీరుని కొన్న ధరకే అమ్మినా సూపర్‌మార్కెట్‌కి నష్టం లేదు. పబ్‌కి ఆ వీలు ఏ వైపునా లేదు.

కోవిడ్‌లో 2020 మార్చి 20న పబ్‌లు మూశారు. ఆ జులైలో ఆతిథ్య రంగానికి వ్యాట్‌ని 5 శాతానికి తగ్గించినా ఆల్కహాల్‌ని అందులోంచి తీసేశారు. భోజనం పెట్టే పబ్ తేరుకుంది. బీరు మీదే బతికే పబ్‌ని, అంటే వీళ్ల భాషలో "వెట్ లెడ్" పబ్‌ని ఆ రాయితీ తాకనే లేదు. 2022లో కరెంటు, గ్యాస్ ధరలు పెరిగినప్పుడు ఇళ్లకి ఉన్న ధరల పరిమితి వ్యాపారాలకి లేదు. పబ్‌లో సెల్లార్ కూలర్, బాటిల్ ఫ్రిజ్‌లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. తలుపు మూసినా మీటర్ ఆగదు.

2025 ఏప్రిల్‌లో మూడు మార్పులు ఒకేసారి వచ్చాయి. కనీస వేతనం 11.44 నుంచి 12.21 అయింది. జీతాల మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ చందా 13.8 నుంచి 15 శాతమై, అది మొదలయ్యే జీతం ఏడాదికి 9,100 నుంచి 5,000కి దిగింది. ఏడాదికి 9,000 సంపాదించే పార్ట్‌టైమ్ బార్ కుర్రాడి మీద అంతకుముందు సున్నా కట్టే యజమాని ఇప్పుడు 600 కట్టాలి. అయితే ఒక్క పబ్ మాత్రమే ఉన్నవాళ్లకి ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్, అంటే ఆ చందాలో ఏడాదికి ఇచ్చే మినహాయింపు, 10,500కి పెరిగింది కాబట్టి, అలాంటి పదిహేడు మంది దాకా ఆ భారం తగలదు. ఎక్కువ పబ్‌లున్న కంపెనీకి మొత్తానికీ ఒకే అలవెన్స్, వాళ్లకి గట్టిగా తగిలింది. చిన్నవాళ్లని కొట్టింది మూడోది, బిజినెస్ రేట్లు. రేటబుల్ వాల్యూ, అంటే ఈ పన్ను కోసం కట్టిన విలువ, 18,000 ఉన్న పబ్‌కి పౌండుకి 49.9 పెన్నీల చొప్పున పూర్తి బిల్లు 8,982. అప్పటిదాకా 75 శాతం రాయితీ ఉండేది కాబట్టి 2,245 కట్టేవారు. రాయితీ 40 శాతానికి తగ్గగానే 5,389 అయింది. ఒక్క పైంట్ ఎక్కువ అమ్మకుండానే బిల్లు రెట్టింపు దాటింది. ఇంకో అన్యాయం కూడా ఉంది. దుకాణానికి చదరపు మీటర్లని బట్టి విలువ కడితే, పబ్‌కి సమర్థంగా నడిపితే ఎంత అమ్మకం రావాలో అంచనా వేసి దాని మీద కడతారు. కష్టపడి అమ్మకం పెంచితే తర్వాతి మదింపులో పన్నూ పెరుగుతుంది.

లోపల జరిగే నష్టం ఒకటి బయటివాళ్లకి తెలియదు, కాస్త వివరంగా చెబుతాను. సంప్రదాయ పబ్‌కి పేరు తెచ్చేది కాస్క్ ఏల్. గ్యాస్ పట్టించని, పీపాలోనే ఇంకా పులుస్తూ ఉండే బతికున్న బీరు అది. మామూలు పీపా 9 గ్యాలన్లు, 72 పైంట్లు. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచాలి. పీపాని పడుకోబెట్టి, పైన బిరడాకి గాలి ఆడే మెత్తటి చెక్క మేకు కొట్టి, లోపలి గ్యాస్ కొంత పోయాక గట్టి మేకు పెట్టి, ఈస్ట్ అడుక్కి దిగేదాకా ఒకటి రెండు రోజులు కదపకూడదు. ఒకసారి పోయడం మొదలెట్టాక లోపలికి గాలి వెళుతుంది కాబట్టి మూడు రోజుల్లో అయిపోవాలి. అడుగున మడ్డి రెండు మూడు పైంట్లు ఎలాగూ పోతుంది. రోజుకి 24 పైంట్లు పోతేనే పీపా సమయానికి ఖాళీ అవుతుంది. 15 పోతే మూడు రోజులకి 45. మిగతా పాతిక పైంట్లని పారబోయాలి, లేదా నాలుగో రోజు, ఐదో రోజు కూడా పోయాలి. చాలామంది పోసేస్తారు. పుల్లటి సిర్కా వాసన మొదలవుతుంది. తాగినవాడు ఏమీ అనడు, వచ్చే వారం రాడు. అమ్మకం 15 నుంచి 12కి పడుతుంది, బీరు ఇంకా పాతబడుతుంది.

ఇలాంటప్పుడు బార్ మీద కాస్క్ ఏల్ పోసే హ్యాండ్‌పంపులు ఆరుంటే నాలుగు తీసేయాలి. రెండే పెట్టి, అవసరమైతే 4.5 గ్యాలన్ల చిన్న పీపా తెప్పించుకోవాలి. పైంట్‌కి కాస్త ఎక్కువ పడినా పారబోసేదానికంటే నయం. పైపులు ప్రతి ఏడు రోజులకీ మందుతో కడిగి మంచినీళ్లతో బాగా జాడించాలి. ఒక్కో కడుగుడికి పైపులో నిలిచిన బీరు పోతుందని రెండు వారాలకోసారి కడిగేవాళ్లుంటారు. ఆదా అయ్యేది కొన్ని పైంట్లు, పోయేది రోజూ వచ్చే మనుషులు.

ఇక స్థలం విలువ. ఇంగ్లండ్‌లో 2017 మే దాకా పబ్‌ని దుకాణంగా మార్చాలంటే ప్లానింగ్ అనుమతి అవసరమే లేదు. పెద్ద గది, పార్కింగ్, మూల మీద బిల్డింగ్. సూపర్‌మార్కెట్ల చిన్న శాఖలకి అంతకంటే ఏం కావాలి? చాలా మంచి పబ్‌లు అలా పోయాయి. ఇప్పుడు అనుమతి కావాలి, అయినా ఫ్లాట్లుగా మారిస్తే వచ్చే విలువ ముందు పబ్ అద్దె వెలవెలబోతుంది. లండన్ కిల్‌బర్న్‌లోని కార్ల్‌టన్ టావెర్న్‌ని చారిత్రక కట్టడంగా గుర్తించబోతున్న సమయంలో 2015 ఏప్రిల్‌లో యజమాని కూల్చేశాడు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఇటుకకి ఇటుక మళ్లీ కట్టమంది. కట్టి 2021లో తెరిచారు. మీకు దగ్గర్లోనే, హిమ్లీలో ఒరిగిన గోడలతో నిలబడ్డ క్రూకెడ్ హౌస్ 2023 జులైలో చేతులు మారింది, ఆగస్టు 5న తగలబడింది, రెండు రోజుల్లో నేలమట్టమైంది. దాన్నీ మళ్లీ కట్టాలని 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ నోటీసిచ్చింది.

మీ రెండో ప్రశ్నకి వస్తాను. మన వంటలతో పబ్ నడవడం మిడ్‌లాండ్స్‌కి కొత్తేం కాదు. ఫౌండ్రీల్లో పనికొచ్చిన పంజాబీలని కొన్ని పబ్‌లలో 1960ల్లో లోపలికి రానిచ్చేవారు కాదు. తర్వాతి కాలంలో వాళ్లే మూతపడబోతున్న పబ్‌లని తీసుకుని, బొగ్గుల మీద మిక్స్‌డ్ గ్రిల్ పెట్టి నిలబెట్టారు. స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్‌లలో వాటిని దేశీ పబ్‌లంటారు. అవి నిలబడ్డానికి కారణం వంట ఒక్కటే కాదు. పాత తెల్ల కస్టమర్లని పోగొట్టుకోకుండా బార్‌ని బార్‌లాగే ఉంచారు. మీరు దోసెలు, పెప్పర్ చికెన్ పెట్టినా డార్ట్స్ బోర్డు పీకేయకండి. సోమవారం సాయంత్రం వచ్చే డార్ట్స్ టీమ్ మీకు ఖాళీ రోజున వచ్చే అమ్మకం.

సంతకం పెట్టే ముందు గత మూడేళ్లలో ఏ బీరు ఎన్ని బ్యారెళ్లు పోయిందో రాతపూర్వకంగా అడగండి. బ్యారెల్ అంటే 36 గ్యాలన్లు, 288 పైంట్లు. అంకె ఏటా పడిపోతుంటే, కంపెనీ చూపించే "సంభావ్య అమ్మకం" మీద అద్దె ఒప్పుకోవద్దు. లీజులో "ఫుల్ రిపేరింగ్ అండ్ ఇన్సూరింగ్" అనే మాట ఉందేమో చూడండి. ఉంటే మరమ్మతులన్నీ మీవే, వందేళ్ల పైకప్పు మీ నెత్తిన పడినట్టే. బిల్డింగ్ ఇప్పుడున్న స్థితిని ఫొటోలతో సహా లీజుకి జతచేయించండి, అంతకంటే బాగు చేసి అప్పగించక్కర్లేదని రాయించండి. లీజు గడువు ముగిశాక కూడా అద్దెదారుకి కొనసాగే హక్కిచ్చే 1954 చట్టం రక్షణ కింద ఉందో, దాన్నుంచి తప్పించారో లాయర్‌ని అడగండి. తప్పించి ఉంటే, మీరు పెంచి పెద్ద చేశాక గడువు ముగిసిన రోజున ఖాళీ చేయమనొచ్చు.

ఓనర్ కంపెనీకి ఇంగ్లండ్, వేల్స్‌లలో 500 గానీ అంతకంటే ఎక్కువ గానీ టైడ్ పబ్‌లుంటే టైడ్ పబ్ అద్దెదారుల కోసం పెట్టిన 2016 పబ్స్ కోడ్ వర్తిస్తుంది. అద్దె సమీక్ష, లీజు పునరుద్ధరణ లాంటి సందర్భాల్లో టై వదిలేసి మార్కెట్ అద్దె మాత్రమే కట్టే ఏర్పాటు, "మార్కెట్ రెంట్ ఓన్లీ" అడిగే హక్కు మీకుంటుంది. గడువు 21 రోజులే. ఆ తేదీ దాటిపోయి హక్కు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, క్యాలెండర్లో రాసిపెట్టుకోండి. మీలో ఒకరికి పర్సనల్ లైసెన్స్ ఉండాలి: లెవెల్ 2 పరీక్ష, నేర చరిత్ర తనిఖీ, 37 పౌండ్ల ఫీజు, బ్రిటన్‌లో పనిచేసే హక్కు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి స్వయం ఉపాధి నిషేధం, కాబట్టి వాళ్లని భాగస్వాముల్లో కలపొద్దు. వంటగదికి పొగ గొట్టం గోడ బయట నుంచి వేయాలంటే ప్లానింగ్ అనుమతి కావాల్సి రావచ్చు. పోపు వాసన పక్కింటికి పోతే మొదటి ఫిర్యాదు అదే అవుతుంది. ఆ అనుమతి చేతికొచ్చేదాకా అద్దె మొదలవకుండా షరతు పెట్టండి.

ఇవన్నీ చూశాక లెక్క కుదరకపోతే, ఆ పబ్‌ని ఫ్లాట్లకి పోకుండా కాపాడే దారి ఇంకోటి ఉంది. ఇంగ్లండ్‌లో 2011 లోకలిజం చట్టం కింద స్థానిక ఓటర్లు 21 మంది కలిసి దాన్ని "అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వాల్యూ"గా నమోదు చేయమని కౌన్సిల్‌ని అడగొచ్చు. కౌన్సిల్ ఎనిమిది వారాల్లో తేల్చాలి. నమోదైతే ఐదేళ్లు ఉంటుంది. అమ్మకానికి పెట్టగానే ఆరు వారాల్లోపు మీరు ఆసక్తి తెలిపితే, డబ్బు కూడగట్టుకోవడానికి మొత్తం ఆరు నెలల గడువొస్తుంది. ఓనర్ మీకే అమ్మాలని లేదు. అయినా లండన్ నన్‌హెడ్‌లోని ఐవీ హౌస్‌ని 2013లో ఊరివాళ్లు ఈ చట్టంతోనే కొన్నారు. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ ఓల్డ్ క్రౌన్‌ని అంతకు పదేళ్ల ముందే, ఈ చట్టం లేకుండానే, సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు. మీ బోర్డు "టు లెట్" అన్నంత కాలం ఈ గడియారం మొదలవదు. కాబట్టి నమోదు దరఖాస్తు ఇప్పుడే వేయించండి, "ఫర్ సేల్" బోర్డు పడేదాకా ఆగొద్దు.